క్రాపీ చేపలకి డాలస్ దగ్గర ఏ లేక్ మంచిది? నాన్నగారు ఇంకో ఆరు వారాలే ఉంటారు

ఫ్రిస్కో_పాలకొల్లు
మా నాన్నగారికి 71 ఏళ్ళు. పాలకొల్లు దగ్గర కాలవ గట్టు మీద పెరిగిన మనిషి. వెదురు గాలం, నెమలీక బెండు, వానపాము ఎర, ఇవి ఉంటే ఆయనకి అన్నం కూడా గుర్తుకురాదు. సంక్రాంతి వెళ్ళాక ఇక్కడికి వచ్చారు. ఏప్రిల్ రెండో వారంలో తిరుగు టికెట్టు. వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు, గుడి, కాస్ట్‌కో. ఆయన ఒక్క మాట కూడా అనరు గానీ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంటే నాకే ప్రాణం ఉసూరుమంటోంది.

జనవరి చివర్లో ఎవరో చెప్తే లేక్ ఫోర్క్‌కి తీసుకెళ్ళాను. పడవ అద్దెకి తీసుకున్నాం. చలిలో ఆరు గంటలు కూర్చుంటే నాలుగు చేపలు పడ్డాయి, అన్నీ అరచేతిలో పట్టేవే. నాన్నగారు వెనక్కి వదలబోతుంటే పక్క పడవాయన ఆపాడు, ఈ లేక్‌లో ఈ సీజన్‌లో పడ్డ ప్రతి క్రాపీనీ ఉంచుకోవాలట! "పిల్ల చేపని చంపమనే రూలేమిట్రా" అని ఆయన దారంతా బాధపడ్డారు. నాకూ అర్థం కాలేదు.

ఇప్పుడు మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ వస్తోంది. నాకు పడవ లేదు. పిల్లలకి తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. ఆయన చేత్తో ఆయన చేప పట్టుకునే ఒక్క రోజు కావాలి. ఏ లేక్‌కి వెళ్ళమంటారు?

లూయిస్‌విల్_వాసు
దూరం ఎందుకండీ, లూయిస్‌విల్ లేక్ మీ ఇంటి పక్కనే కదా. వంతెన స్తంభాల దగ్గర, మరీనాల చుట్టూ క్రాపీ బాగా ఉంటుంది. డబ్బులిచ్చి కూర్చునే ఫిషింగ్ బార్జ్ కూడా ఉంది. పైన కప్పు, కింద నీళ్ళు, పెద్దవాళ్ళకి ఇబ్బంది ఉండదు. నేను మూడుసార్లు వెళ్ళాను, ఒక్కసారే ఖాళీ చేతులతో వచ్చాను.

ప్లేనో_పద్మజ
ఫోర్క్‌నే మళ్ళీ ప్రయత్నించండి, కానీ గైడ్‌తో. మేం పోయినేడు గైడ్‌ని పెట్టుకున్నాం, టిప్‌తో కలిపి నాలుగు వందల డాలర్లు దాటింది. మధ్యాహ్నానికల్లా రోజుకి మనిషి ఉంచుకోగల లిమిట్, 25, పూర్తి.

డెంటన్_డీవీ
అక్కా, ఆ గైడ్ పడవలో లైవ్ సోనార్ ఉందా?

ప్లేనో_పద్మజ
ఉంది. తెర మీద చేప కనిపిస్తుంది, మన జిగ్ (బరువు ముల్లుకి తొడిగిన నకిలీ ఎర) కనిపిస్తుంది, చేప దగ్గరికి రావడం కూడా కనిపిస్తుంది. పిల్లలు వీడియో గేమ్‌లాగా ఆడారు. మా మామగారు మాత్రం పది నిమిషాలు చూసి గాలం పక్కన పెట్టేశారు. "ఆయనే చూసి, ఆయనే చోటు చెప్పి, ఆయనే లాగమంటే ఇంక నేనెందుకు" అన్నారు. ఇప్పుడు మీ పోస్ట్ చదివితే అది గుర్తొచ్చింది. మీ నాన్నగారికి గైడ్ వద్దేమో. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

డెంటన్_డీవీ
నేను సోనార్‌కి వ్యతిరేకిని. చేపకి దాక్కునే చోటే లేకుండా చేస్తున్నారు.

లూయిస్‌విల్_వాసు
అదేం మాట తమ్ముడూ, కనిపించినంత మాత్రాన తినాలని లేదుగా. ముక్కు ముందు జిగ్ ఆడించినా కదలని చేపల్ని నేనే చూశాను.

ఈస్ట్‌టెక్సస్_గాలం
సోనార్ గొడవ వేరే పోస్టులో పెట్టుకుందాం. ముందు ఆ పెద్దాయన బాధకి జవాబు చెప్పాలి.

ఫోర్క్‌లో, లేక్ ఓ' ద పైన్స్‌లో డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు క్రాపీకి సైజు నియమం లేదు. మొదట పడ్డ 25 ఎంత చిన్నవైనా ఉంచుకోవాల్సిందే. చూడ్డానికి అన్యాయంగా ఉంటుంది కానీ కారణం ఉంది. చలికాలంలో అక్కడ క్రాపీ చాలా లోతుకి దిగిపోతుంది, ముప్పై నలభై అడుగులకి. అంత కింద నుంచి ఒక్కసారి పైకి లాగితే లోపల ఉన్న గాలితిత్తి ఉబ్బిపోతుంది. మీరు జాలిపడి వదిలినా అది కిందికి వెళ్ళలేదు, కాసేపు తేలి చచ్చిపోతుంది. పది అంగుళాలు దాటిన పెద్దవాటి కోసం ఏరుకుంటూ చిన్నవన్నీ వదులుతూ పోతే పాతిక చేపలు ఇంటికి తెచ్చేలోపు మరో యాభై నీళ్ళ మీద చచ్చి తేలతాయి. అందుకే పడ్డవి లెక్కలో వేసుకుని ఇంటికి వెళ్ళమంటారు. మీ నాన్నగారికి ఇలా చెప్పి చూడండి. ఆయన చెరువు చూసిన మనిషి, వెంటనే అర్థమవుతుంది.

ఆ లోతు సంగతికి ఒక సాక్ష్యం చెప్తాను. టెక్సస్ రికార్డు బాస్ (ఇక్కడ అందరూ వెంటపడే పెద్ద చేప) 18.18 పౌండ్లు. 1992 జనవరిలో ఫోర్క్‌లోనే పడింది. పట్టినాయన బాస్ కోసం వెళ్ళలేదు, క్రాపీ కోసం నలభై అడుగులు దాటిన లోతుకి మిన్నో (ఎరగా వాడే చిన్న చేప) దింపితే అది వచ్చి మింగింది.

మిగతా కాలంలో రాష్ట్రమంతా దాదాపు ఒకటే లెక్క: పది అంగుళాలు దాటితేనే ఉంచుకోవాలి, రోజుకి మనిషికి 25.

ఫ్రిస్కో_పాలకొల్లు
చదివి వినిపించాను. "గాలితిత్తి" అనగానే తలూపారు. "అయితే మనం వెళ్ళిన రోజే తప్పు, లేక్‌ది కాదు" అన్నారు. చాలా థాంక్స్ అండీ.

మెకిన్నీ_కిరణ్
లేక్ టెక్సోమాకి వెళ్ళండి గురూ. 89 వేల ఎకరాలు. అంత నీటిలో చేప లేకపోవడమేమిటి!

డెంటన్_డీవీ
అంత నీటిలో చేప ఎక్కడుందో కూడా తెలియాలిగా అన్నా. టెక్సోమా అంటే స్ట్రైపర్ అనే వేరే చేపకి పేరు. పైగా మార్చిలో దక్షిణపు గాలి లేస్తే అక్కడ అలలు సముద్రంలా ఉంటాయి. ఒడ్డున పిల్లలతో కష్టం. లేక్ ఎక్కువ భాగం ఓక్లహామాలో ఉంది, రెండు వైపులా తిరగాలంటే టెక్సోమా లైసెన్స్ విడిగా తీసుకోవాలి.

అట్లాంటా_సూరి
మా వైపు వస్తే అలబామా సరిహద్దులో వైస్ లేక్ ఉంది. క్రాపీకి ప్రపంచ రాజధాని అని వాళ్ళే బోర్డు పెట్టుకున్నారు.

మిన్నెసోటా_మంచుగడ్డ
మేమింకా మంచుకి బెజ్జం పెట్టి పడుతున్నాం. మాకు లిమిట్ పదే. పాతిక అంటే కుళ్ళుగా ఉంది.

ప్లేనో_పద్మజ
ఆయన అడిగింది డాలస్ దగ్గరండీ :) పెద్దాయన్ని మంచు మీద కూర్చోబెడతారా?

ఈస్ట్‌టెక్సస్_గాలం
లేక్ పేరు చూసి బయల్దేరడమే మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు. నేనూ అయిదారేళ్ళు అదే చేశాను. ఎవరో ఫోటో పెడితే ఆ లేక్‌కి రెండు గంటలు పరిగెత్తడం, అక్కడికి వెళ్ళాక ఎక్కడ నిలబడాలో తెలియక దిక్కులు చూడటం. ముందు చూడాల్సింది నీటి వేడి. ఆ తర్వాత, ఆ వేడికి చేప ఉండే చోటికి మన కాలు వెళ్ళగలదా లేదా.

చలికాలంలో లోతులో ఉంటుంది, పడవ లేకపోతే పని జరగదు. నీళ్ళు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటే చేప మెల్లగా పాయల్లోకి వస్తుంది. 60 దాటితే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకే వచ్చేస్తుంది, రెండు మూడు అడుగుల నీళ్ళలో రెల్లు దుబ్బుల మధ్య, మొద్దుల పక్కన. ఈ సమయంలో మగ చేప నల్లగా మారిపోయి గూడు కాస్తుంటుంది. మన ఏరియాలో ఇది మార్చి మొదటి వారం నుంచి ఏప్రిల్ సగం దాకా. అంటే సంవత్సరం మొత్తంలో పడవ లేనివాడిది పైచేయి అయ్యే రోజులు ఇవే! మీ నాన్నగారు సరైన టైముకే ఉన్నారు.

మే దాటాక మళ్ళీ లోతుకి, కొమ్మల కుప్పల్లోకి పోతుంది. అప్పుడు రాత్రిపూట లైట్ వేసి వంతెన కింద పట్టాలి.

ఇంకోటి, ఉత్తరపు ఒడ్డున ఉన్న పాయలకి ఎండ ఎక్కువ తగులుతుంది, చలిగాలి నేరుగా కొట్టదు. అక్కడ నీళ్ళు ముందు వేడెక్కుతాయి. అదే లేక్‌లో దక్షిణపు ఒడ్డుకీ దీనికీ మూడు నాలుగు డిగ్రీల తేడా చూశాను. నీళ్ళు కాస్త బురదగా ఉన్నా భయపడకండి, క్రాపీలో నల్లది, తెల్లది అని రెండు రకాలు, తెల్ల క్రాపీ బురదకి అలవాటు పడ్డదే. కాఫీ రంగులో ఉంటే మాత్రం వేరే పాయ చూసుకోండి.

టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు వారం వారం ఫిషింగ్ రిపోర్ట్ ఇస్తారు. లేక్ పేరు పక్కన నీటి వేడి, నీటి మట్టం ఉంటాయి. చేపల కోసం వాళ్ళు నీళ్ళలో ముంచిన కొమ్మల కుప్పల జీపీఎస్ గుర్తులు కూడా ఆ సైట్‌లోనే దొరుకుతాయి. బయల్దేరే ముందు రోజు రాత్రి ఈ రెండూ చూడకుండా కారు తీయకండి.

మెకిన్నీ_కిరణ్
ఇది పిన్ చెయ్యండి ఎవరైనా.

ఫ్రిస్కో_పాలకొల్లు
నాన్నగారు విజిటర్ వీసా మీద ఉన్నారు. ఆయనకి లైసెన్స్ ఎలా? జనవరిలో నేను మాత్రమే తీసుకున్నాను, ఆయన నా గాలం పట్టుకున్నారు. అదీ ఒక టెన్షన్.

టైలర్_లక్ష్మి
గాలం చేత్తో పట్టుకుంటే లైసెన్స్ ఉండాల్సిందే అన్నయ్యా. 65 దాటినా మాఫీ లేదు. బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఒక రోజు లైసెన్స్ దొరుకుతుంది, నేను మా అమ్మకి 16 డాలర్లు పెట్టి తీసుకున్నాను. 17 లోపు పిల్లలకి అక్కర్లేదు.

అసలు దీనికన్నా తేలిక దారి ఉంది. టెక్సస్ స్టేట్ పార్కులో ఒడ్డు నుంచో పియర్ (నీళ్ళలోకి కట్టిన వంతెన లాంటి తిన్నె) మీద నుంచో పడితే ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు. సైజు, లిమిట్ నియమాలు మాత్రం ఉంటాయి.

నా మాట వింటే పర్టిస్ క్రీక్ స్టేట్ పార్క్‌కి వెళ్ళండి. ఆథెన్స్ దగ్గర, డాలస్ నుంచి ఆగ్నేయంగా. లేక్ 355 ఎకరాలే. పడవలు యాభైకి మించి వదలరు, అవి కూడా అలలు లేపకుండా మెల్లగా పోవాలి. రాత్రి లైట్లున్న ఫిషింగ్ పియర్లు రెండున్నాయి. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో కూడా పియర్ చివర కుర్చీ వేసుకుని పట్టింది. చిన్న లేక్ గనక చేప ఎక్కడుందో వెతికే పని సగం తగ్గిపోతుంది.

చేపలు పడకపోతే పిల్లలు ఏడుస్తారని భయమైతే, ఆథెన్స్‌లో టెక్సస్ ఫ్రెష్‌వాటర్ ఫిషరీస్ సెంటర్ ఉంది. టికెట్ కొంటే పెద్ద పెద్ద అక్వేరియంలు చూడొచ్చు, గాలం వాళ్ళే ఇచ్చి చెరువులో పట్టనిస్తారు.

డెంటన్_డీవీ
స్టేట్ పార్క్ అయితే రే రాబర్ట్స్ ఇంకా దగ్గర కదా, ఐల్ డు బోయిస్ వైపు.

టైలర్_లక్ష్మి
దగ్గరే తమ్ముడూ, కాదనను. కానీ 29 వేల ఎకరాల లేక్ అది. గాలి లేస్తే ఒడ్డున నిలబడటం కష్టం. మొదటి రోజు మాత్రం చిన్న నీళ్ళ దగ్గరే గెలవనివ్వండి పెద్దాయన్ని.

ఈస్ట్‌టెక్సస్_గాలం
లక్ష్మి గారి మాటే నా మాట. స్ప్రింగ్ బ్రేక్ కాబట్టి డే పాస్ ముందే బుక్ చేసుకోండి, పార్క్ నిండితే గేటు దగ్గరే ఆపేస్తారు. శని ఆదివారాలు వద్దు. నార్తర్ (ఉత్తరం నుంచి హఠాత్తుగా వచ్చే చలిగాలి) దిగిన మర్నాడు కూడా వద్దు. చలిగాలి వచ్చి వెళ్ళాక రెండు మూడు రోజులు దక్షిణపు గాలి తోలి, ఎండ కాస్తే, ఆ మూడో రోజు మధ్యాహ్నం వెళ్ళండి. మార్చిలో తెల్లవారుజాము కంటే ఎండెక్కాకే బాగుంటుంది. మనవాళ్ళు నాలుగింటికి లేచి పిల్లల్ని ఏడిపించుకుంటూ వెళ్తారు, అక్కర్లేదు.

ఫ్రిస్కో_పాలకొల్లు
గాలం సంగతి? జనవరిలో కొన్న రీలు రాడ్డు ఆయనకి అలవాటు కాలేదు. విసిరిన ప్రతిసారీ దారం చిక్కు పడింది.

ఈస్ట్‌టెక్సస్_గాలం
రీలు ఎందుకండీ ఆయనకి! క్రాపీ పోల్ అని అడగండి. పది పన్నెండు అడుగుల సన్నటి ఫైబర్ కర్ర, చివర దారం. ఊళ్ళో వెదురు గాలమే అది. ఈ దేశంలో క్రాపీ పట్టే ముసలివాళ్ళు ఇప్పటికీ దానితోనే దుబ్బుల్లోకి ఎరని నిలువుగా దించుతారు. ఆరు పౌండ్ల బరువు ఆపే లైను (దారం), చిన్న బెండు, సన్నటి ముల్లు, మిన్నో. పిల్లలకైతే 1/16 ఔన్సు జిగ్.

రెండు విషయాలు మాత్రం ఆయనకి చెప్పండి. క్రాపీ పైకి చూసి తింటుంది, తన కంటే కిందున్న ఎర జోలికి వెళ్ళదు. కాబట్టి లోతు తెలియకపోతే పైనుంచి మొదలుపెట్టి దించుకుంటూ రావాలి. ఇంకా, దీని పెదవి పొర కాగితమంత పలచన. బొచ్చెకి కొట్టినట్టు గుంజితే చిరిగి చేప పోతుంది. ఊరికే ఎత్తితే చాలు.

అట్లాంటా_సూరి
పులుసు పెడతారా, వేపుడా? అది తేల్చండి ముందు.

ప్లేనో_పద్మజ
వేపుడే. పులుసులో విడిపోతుంది, మెత్తటి తెల్ల కండ. పసుపు, కారం, ఉప్పు, నిమ్మరసం, పైన కాస్త బియ్యప్పిండి.

కొల్లేటి_పిల్ల
పులుసు పెట్టొచ్చు అక్కా, ముక్కలు కోయకుండా చేపని నిండుగా వెయ్యాలి, గరిట పెట్టకూడదు. చింతపండు పులుసు బాగా మరిగాక చివర్లో వేసి పది నిమిషాల్లో దించెయ్యాలి. గిన్నె పట్టుకుని కుదపడమే.

టైలర్_లక్ష్మి
పార్కులోనే శుభ్రం చేసుకుని రండి, అపార్ట్‌మెంట్ సింక్‌లో పొలుసు తీస్తే వారం రోజులు వాసన. పడవలో ఉండగా మాత్రం తల, తోక తీయకూడదు. సైజు కొలవడానికి ఉండాలి.

ఫ్రిస్కో_పాలకొల్లు
వెళ్ళొచ్చాం!! కాస్త పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

సోమవారం వెళ్దామనుకున్నాం కానీ ఆదివారం రాత్రి నార్తర్ దిగింది. గాలం గారు చెప్పారని గురువారానికి మార్చాను. అందరం ఇంట్లో టిఫిన్ తిని తీరిగ్గా బయల్దేరితే పదిన్నరకి పర్టిస్ క్రీక్ గేటు దగ్గర ఉన్నాం. రిపోర్ట్‌లో నీళ్ళు 61 అని ఉంది.

పియర్ మీద మొదటి గంటన్నర ఏమీ లేదు. చిన్నవాడు మిన్నోల బకెట్‌లో చెయ్యి పెట్టి ఆడుకుంటున్నాడు. నాకు మళ్ళీ ఫోర్క్ గుర్తొచ్చి గుండె జారింది. నాన్నగారు మాత్రం గాలం పక్కన పెట్టి ఒడ్డు వెంట నడవడం మొదలుపెట్టారు. నీళ్ళు చూస్తూ ఒక రెల్లు దుబ్బు దగ్గర ఆగి, "ఇక్కడ రెల్లు కదుల్తోంది, గాలి లేదు" అన్నారు. నేనెంత చూసినా నాకు కనపడలేదు.

పన్నెండు అడుగుల పోల్‌తో మిన్నోని దుబ్బు అంచున దింపారు. బెండు నిలబడి ఉంది. ఒక నిమిషం తర్వాత అది మునగలేదు, ఒక పక్కకి ఒరిగి నీళ్ళ మీద అడ్డంగా పడుకుంది. నేను ఎర నేలకి తగిలిందనుకున్నాను. ఆయన మణికట్టు మాత్రం కదిపారు, అంతే. పోల్ కొస వంగింది. "కింద నుంచి మీదకి లేపుతోందిరా ఇది, బరువు లేక బెండు పడుకుంది" అన్నారు, చేప ఇంకా నీళ్ళలోనే ఉంది.

పైకి తీస్తే నల్లటి మచ్చల చేప, పన్నెండు అంగుళాలు. పెద్దవాడు స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచాడు. వీపు మీద ముళ్ళు లెక్కపెడితే ఏడు, అంటే నల్ల క్రాపీ అని వాడే తాతయ్యకి చెప్పాడు (తెల్లదానికి ఐదో ఆరో ఉంటాయట). నోరు తెరిచి చూపిస్తే పెదవి పక్కన పొరలోంచి ఆయన వేలు మసగ్గా కనపడింది. "ఇంత పలచనా!" అని ఆయనే ఆశ్చర్యపోయారు.

సాయంత్రానికి మొత్తం పద్నాలుగు. పది అంగుళాలు దాటినవి ఎనిమిది. మిగతా ఆరూ నాన్నగారు చేత్తో నీళ్ళలో పెట్టి వదిలారు, ఆరూ నిటారుగా కిందికి వెళ్ళాయి. ప్రతిదీ వెళ్ళేదాకా వంగి చూశారు. రాత్రి పియర్ లైట్ల కింద ఇంకో గంట ఉందామన్నది కూడా ఆయనే.

టైలర్_లక్ష్మి
కళ్ళు చెమర్చాయి అన్నయ్యా. మా అమ్మకి చదివి వినిపిస్తాను.

డెంటన్_డీవీ
ఆ రెల్లు దుబ్బు ఏ పియర్ పక్కన? ప్లీజ్.

ఈస్ట్‌టెక్సస్_గాలం
బెండు పడుకోవడం నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. ఆయనకి ఒక్క చేప చాలింది. నా నమస్కారం చెప్పండి.

కొల్లేటి_పిల్ల
పులుసా వేపుడా చెప్పలేదు!

ఫ్రిస్కో_పాలకొల్లు
నాలుగు పులుసు, నాలుగు వేపుడు. గరిట పెట్టలేదు, విడిపోలేదు.

డీవీ తమ్ముడూ, చోటు మెసేజ్‌లో చెప్తాను. వచ్చే గురువారం మేమూ వెళ్తున్నాం, కావాలంటే కలిసి రా. ఎర లోతు ఎంత అని నాన్నగారిని అడిగాను: బెండు కింద రెండు జానలు, ఎండ దిగాక మూడు.